బూట్ లాగ్‌లో ఆ 60 సెకన్లు ఎవరు తింటున్నారు?

పేరు బయటపెట్టొద్దని కోరుతూ ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. ముఖ్యమైన విషయాలు ఇవి. ఆయన పనిచేసే చోట లైనక్స్ నడిచే ఒక పాత సర్వర్ ఉంది. ఆరు నెలల కిందట దాని బాధ్యత ఈయనకు అప్పజెప్పారు. అంతకుముందు చూసుకున్నాయన సొంతంగా కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) కంపైల్ చేసి పెట్టి, వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. మెషీన్ ఆన్ చేసినప్పటి నుంచి లాగిన్ వచ్చేదాకా వాచీ పెట్టి చూస్తే 2 నిమిషాల 25 సెకన్లు, అంటే 145 సెకన్లు. కెర్నల్ లాగ్‌లో, అంటే మెషీన్ బూట్ అయ్యేటప్పుడు (లేచేటప్పుడు) కెర్నల్ రాసుకునే మెసేజ్‌ల చిట్టాలో, చివరి టైమ్‌స్టాంప్ (లైను పక్కన పడే సెకన్ల లెక్క) మాత్రం 118. కెర్నల్ గడియారమే తప్పు నడుస్తోందా అన్నది ఆయన మొదటి అనుమానం.

లాగ్‌లో మూడు విచిత్రాలు కనిపించాయట. మొదటి 300 లైన్లు నత్తనడకన వస్తాయి. లైనుకూ లైనుకూ మధ్య 60 నుంచి 70 మిల్లీ సెకన్ల తేడా, మధ్యలో కన్సోల్ (మెసేజ్‌లు బయటికి చూపించే చోటు) ఎనేబుల్ అయిందన్న లైన్ దగ్గర 7 సెకన్ల గ్యాప్. తర్వాత 23వ సెకను దగ్గర యూఎస్‌బీ మౌస్ దొరికిందన్న మెసేజ్ వస్తుంది, ఆపైన కచ్చితంగా 60 సెకన్లు ఏమీ ఉండదు. ఆ తర్వాత 86 నుంచి 116 దాకా ఇంకో 30 సెకన్ల నిశ్శబ్దం. ఇది మూడు వారాల కిందట డిస్క్ మార్చాకే మొదలైంది.

మౌస్ లైన్ చూసి ఆయన బయోస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) యూఎస్‌బీని పూర్తిగా ఆపేశారు. కీబోర్డు కూడా పోయింది. సెట్టింగులు చెరిపి మళ్లీ మొదటికి తెచ్చుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. 60 సెకన్లు మాత్రం అలాగే ఉన్నాయి. సీనియర్ 'క్వయట్ అని పెట్టేసి వదిలెయ్' అన్నారు, అది కన్సోల్ మీద మెసేజ్‌లు తగ్గించే మాట. పెట్టి చూస్తే మెసేజ్‌లు ఆగలేదు. స్నేహితుడు కెర్నల్‌లో అక్కర్లేనివన్నీ తీసేసి కొత్తగా కంపైల్ చేయమన్నాడు. బూట్ డిలే అనే పారామీటర్‌ను (కెర్నల్‌కు ఇచ్చే సెట్టింగ్) సున్నా చేస్తే సరిపోతుందా అని ఈయనే అడుగుతున్నారు. చివర్లో రాసిన మాట ఇది: 'మీటింగ్‌లో సీనియర్ అందరి ముందూ ఒక్క మెషీన్‌ను దారికి తేలేకపోతున్నావా అన్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ పనికి నేను సరిపోనేమో.'

సమాధానం:

ముందు మీ చివరి వాక్యం గురించి చెప్పాలి. మీరు పంపిన ఉత్తరంలో టైమ్‌స్టాంపులు ఉన్నాయి, గ్యాప్‌కు ముందూ వెనకా పది లైన్లు ఉన్నాయి, కెర్నల్ కమాండ్ లైన్ (లేచేటప్పుడు దానికి ఇచ్చే పారామీటర్ల వరస) మొత్తం ఉంది, ఏది ఎప్పుడు మొదలైందో కూడా రాశారు. పనికి సరిపోని మనిషి ఇలా రాయలేడు. మీ దగ్గర లోపించింది తెలివి కాదు. మూడు వేర్వేరు జబ్బులు ఒకే లాగ్‌లో కలిసి కనబడుతున్నాయని మీకు చెప్పినవాళ్లు లేరు, అంతే. ఒకే కారణం ఉందనుకుని వెతికారు, అందుకే ఏం చేసినా ఫలితం కనిపించలేదు.

గడియారం సంగతి తేల్చేద్దాం. అది సరిగ్గానే ఉంది. లాగ్‌లోని లెక్క కెర్నల్ లేచాకే మొదలవుతుంది. అంతకుముందు బయోస్ మెమరీనీ కార్డులనూ చూసుకోవడం, ఏ కెర్నల్‌ను లేపాలో అడిగే గ్రబ్ మెనూ దగ్గర ఎదురుచూడడం, కెర్నల్‌ను డిస్క్ నుంచి చదవడం, ఇవేవీ అందులోకి రావు. మీ వాచీకీ లాగ్‌కూ మధ్య తేడా 27 సెకన్లు చాలావరకు అక్కడివే. మొదట్లో కొన్ని లైన్లకు వరసగా సున్నాలే ఉంటాయి. అంటే ఆ పనులు సున్నా సమయంలో అయ్యాయని కాదు, అప్పటికి లెక్కపెట్టే గడియారం ఇంకా సిద్ధం కాలేదు.

ఇప్పుడు అసలు విషయం. రెండు లైన్ల మధ్య గ్యాప్ కనిపిస్తే అక్కడ సమయం గడిచిందని మాత్రమే తెలుస్తుంది. ఎవరివల్ల గడిచిందో తెలియదు. గ్యాప్‌కు ముందున్న లైన్ చాలాసార్లు తన పని ముగించుకున్నవాడి మాట. ఎదురుచూస్తూ కూర్చున్నవాడు మౌనంగా ఉంటాడు. నేనూ ఒకసారి కీబోర్డు లైన్‌ను పట్టుకుని రెండు రోజులు వెతికాను, కారణం డిస్క్ కంట్రోలర్‌లో దొరికింది. కెర్నల్‌లో చాలా పనులు పక్కపక్కనే నడుస్తాయి. యూఎస్‌బీ పరికరాలను కనిపెట్టే థ్రెడ్ (విడిగా నడిచే పని) వేరు, డ్రైవర్లను (పరికరాలను నడిపే కోడ్) ఒకదాని తర్వాత ఒకటి లేపే ప్రధాన వరస వేరు. రెండింటి మెసేజ్‌లూ ఒకే లాగ్‌లో పడతాయి.

మీరు పంపిన పది లైన్లు మళ్లీ చూడండి. మౌస్ లైన్‌కు రెండు లైన్ల పైన నెట్‌వర్క్ కార్డు ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) నేరుగా లోడ్ కాలేదనీ, ఎర్రర్ మైనస్ 2 అనీ ఉంది. దాని కిందే సిస్‌ఎఫ్‌ఎస్ ఫాల్‌బ్యాక్‌కు, అంటే ఫైల్‌ను బయటి ప్రోగ్రాములను అడిగే రెండో దారికి, వెళ్తున్నానన్న లైన్ ఉంది. మైనస్ 2 అంటే అడిగిన ఫైల్ లేదని. మీ పాతాయన ఆ డ్రైవర్‌ను కెర్నల్ లోపలే కలిపి కంపైల్ చేశారు. కాబట్టి అది రూట్ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లన్నీ ఉండే ప్రధాన భాగం) మౌంట్ కాకముందే, అంటే తెరుచుకోకముందే లేచి, ఫర్మ్‌వేర్ ఫైల్ అడుగుతుంది. ఆ ఫైల్ ఉన్న డిస్క్ ఇంకా తెరుచుకోలేదు. ఫాల్‌బ్యాక్ ఆన్ చేసి ఉంది కాబట్టి 'యూజర్ స్పేస్‌లో (కెర్నల్ బయటి ప్రోగ్రాముల్లో) ఎవరైనా తెచ్చి ఇవ్వండి' అని కెర్నల్ కబురు పెట్టి కూర్చుంటుంది. అందుకోవడానికి అప్పటికి ఎవరూ లేరు. ఆ ఎదురుచూపు గడువు మామూలుగా 60 సెకన్లు. మీ గ్యాప్ 57 కాదు, 63 కాదు, కచ్చితంగా 60. ఇలా గుండుసున్నాతో ముగిసే అంకె కనబడితే ఎక్కడో ఒక టైమ్‌అవుట్ ఉందని అనుమానించాలి. నిజంగా పని చేస్తూ గడిచిన సమయం ఇంత నీటుగా ఉండదు.

మీరు సిగ్గుపడుతున్న ఆ యూఎస్‌బీ ప్రయోగం నిజానికి ఈ కేసులో మంచి సాక్ష్యం. మౌస్‌ను పూర్తిగా తీసేసినా గ్యాప్ పోలేదంటే మౌస్‌కు దీనితో సంబంధం లేదని మీరే నిరూపించారు. ఆ రోజు లాగ్ దాచి ఉంటే తీసి చూడండి. గ్యాప్‌కు ముందు చివరి లైన్‌గా ఆ ఫర్మ్‌వేర్ మాటే ఉండి ఉంటుంది.

దీన్ని ఇంకా గట్టిగా తేల్చుకోవడానికి ఇనిట్‌కాల్ డీబగ్ అనే పారామీటర్ ఉంది. ఈ పారామీటర్ల పేర్లలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, అండర్‌స్కోర్ ఉంటుంది. దీన్ని కమాండ్ లైన్‌లో పెడితే ప్రతి డ్రైవర్ మొదలుపెట్టే ఫంక్షన్ పేరు, అది తిరిగి రావడానికి ఎన్ని మైక్రో సెకన్లు పట్టిందో లాగ్‌లో పడుతుంది. మీ నెట్‌వర్క్ డ్రైవర్ పేరు పక్కన 6 కోట్లకు కాస్త అటూఇటూగా అంకె కనిపించాలి. ఆరు కోట్ల మైక్రో సెకన్లంటే 60 సెకన్లే. దీనివల్ల లాగ్ బాగా పెరుగుతుంది, మొదటి లైన్లు చెరిగిపోకుండా లాగ్ బఫ్ లెన్ అనే పారామీటర్‌తో బఫర్‌ను (లాగ్ నిలిచే మెమరీ) 4 మెగాబైట్లు చేయండి. ఆ తర్వాత లాగ్ చూపించే డీమెసేజ్ (dmesg) కమాండ్‌కు చిన్న డీ (-d) ఆప్షన్ ఇచ్చి చూస్తే రెండు లైన్ల మధ్య తేడాను అదే లెక్కకట్టి చూపిస్తుంది. కళ్లు కాయలు కాసేలా తీసివేతలు చేయనక్కర్లేదు.

అయితే ఈ పరీక్ష ఇవాళే చేయొద్దు. మీ మొదటి జబ్బు తగ్గకుండా చేస్తే కొలతే తప్పుతుంది. ఎందుకో చెప్తాను.

మీ కమాండ్ లైన్‌లో రెండు మాటలు ఉన్నాయి. ఒకటి కన్సోల్‌గా మొదటి సీరియల్ పోర్టు (కేబుల్ మీద ఒక్కో బిట్‌గా పంపే పాతకాలపు పోర్టు), దాని పక్కన వేగం రాయలేదు. రెండోది ఇగ్నోర్ లాగ్‌లెవెల్, అంటే చిన్నాపెద్దా తేడా చూడకుండా మెసేజ్‌లన్నీ కన్సోల్‌కు పంపమని. వేగం రాయకపోతే కెర్నల్ 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) తీసుకుంటుంది. సీరియల్ లైన్ మీద ఒక అక్షరానికి పది బిట్లు పోతాయి, అంటే సెకనుకు 960 అక్షరాలు. మీ లైన్లు సగటున 64 అక్షరాలనుకుంటే ఒక్కో లైనుకు 67 మిల్లీ సెకన్లు. మీరు రాసిన 60-70 ఇదే. 300 లైన్లకు 20 సెకన్లు. మీ దగ్గరున్నలాంటి కెర్నళ్లలో మెసేజ్ రాసిన కోడ్ చాలావరకు అది సీరియల్ పోర్టు దాటేదాకా అక్కడే నిలబడుతుంది. అందుకే తర్వాతి పనీ, దాని టైమ్‌స్టాంపూ వెనక్కి జరుగుతాయి. ఆ 7 సెకన్ల గ్యాప్ కూడా దీని తోబుట్టువే. కన్సోల్ సిద్ధం కాకముందు వచ్చిన మెసేజ్‌లు బఫర్‌లో పోగుపడి, అది ఎనేబుల్ కాగానే ఒక్కసారిగా పోర్టు మీద పడతాయి. వంద లైన్లు దాటడానికి 7 సెకన్లు కావాలి మరి. అక్కడ ఏ పరికరమూ చెడిపోలేదు. ఈ స్థితిలో ఇనిట్‌కాల్ డీబగ్ పెడితే వేల లైన్లు అదే ఇరుకు దారిలో వెళ్లాలి. ఏ డ్రైవర్ నిజంగా ఆలస్యమో, ఏది తన మెసేజ్ దాటేదాకా ఆగిందో విడదీయలేరు.

దీనికి మీ ముందు మూడు దారులున్నాయి. వేగాన్ని 115200కు పెంచితే సెకనుకు 11,520 అక్షరాలు వెళ్తాయి, 20 సెకన్లు రెండు సెకన్ల లోపుకు వస్తాయి. కానీ కేబుల్ అవతలి చివర ఉన్న మెషీన్‌లో కూడా అదే వేగం పెట్టాలి, లేకపోతే అక్కడ చెత్త అక్షరాలు కనిపిస్తాయి. కేబుల్ బాగా పొడవైతే అక్షరాలు దెబ్బతినొచ్చు. రెండోది, ఇగ్నోర్ లాగ్‌లెవెల్ తీసేసి క్వయట్ పెట్టడం. ఇక్కడ మీ సీనియర్‌కు న్యాయం చేయాలి, ఆయన చెప్పింది తప్పు సలహా కాదు. క్వయట్ పెడితే తీవ్రమైన మెసేజ్‌లే పోర్టు మీదికి వెళ్తాయి, మిగతావన్నీ బఫర్‌లో భద్రంగా ఉంటాయి, డీమెసేజ్‌తో చూసుకోవచ్చు. ఆ 20 సెకన్లలో చాలా భాగం నిజంగానే తగ్గుతుంది. మీరు పెట్టినప్పుడు పనిచేయకపోవడానికి కారణం ఇగ్నోర్ లాగ్‌లెవెల్ పక్కనే ఉండడం. అది ఉంటే క్వయట్ మాట చెల్లదు. ఇక మూడోది, సీరియల్ కన్సోల్‌నే తీసేయడం. ఇదే అన్నిటికంటే వేగం. కానీ ఎప్పుడైనా కెర్నల్ పానిక్ అయి (కోలుకోలేని తప్పు తగిలి) మెషీన్ బిగుసుకుపోతే, ఆఖరి మాటలు వినిపించే చోటు అదొక్కటే. డిస్క్‌లోని లాగ్‌లోకి ఆ లైన్లు చాలాసార్లు చేరవు. నేనైతే మొదటి రెండూ కలిపి చేస్తాను, కేబుల్‌ను ఉంచుతాను.

ఏ మార్పైనా ముందు తాత్కాలికంగా చేసి చూడండి. గ్రబ్ మెనూలో కెర్నల్ పేరు మీద ఉండి కీబోర్డులో ఇంగ్లిష్ 'e' అక్షరం నొక్కితే కమాండ్ లైన్ దిద్దుకోవచ్చు. అది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. తేడా వస్తే రీస్టార్ట్ చేస్తే చాలు, పాతదే వస్తుంది. ఒక్కసారికి ఒక్క మార్పే.

ఫర్మ్‌వేర్ గ్యాప్‌కు వద్దాం. ముందు ఒక ప్రశ్నకు జవాబు కనుక్కోండి. ఆ కార్డును ఎవరైనా వాడుతున్నారా? ఉత్తరంలో 'రెండో కార్డు, కేబుల్ ఉన్నట్టు లేదు' అని రాశారు. నిజంగా ఎవరూ వాడకపోతే కార్డునే తీసేయొచ్చు. ఇనిట్‌కాల్ బ్లాక్‌లిస్ట్ పారామీటర్‌తో ఆ ఒక్క డ్రైవర్ లేవకుండా ఆపొచ్చు కూడా. కానీ అదే డ్రైవర్ మొదటి కార్డును కూడా నడుపుతుంటే నెట్‌వర్క్ మొత్తం పోతుంది, అది చూసుకోకుండా చేయొద్దు. వాడుకలో ఉంటే అన్నిటికంటే తేలిక పని ఆ ఫర్మ్‌వేర్ ఫైల్‌ను ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్‌తో పాటే మెమరీలోకి వచ్చే చిన్న ఫైళ్ల మూట) చేర్చడం. మామూలు డ్రైవర్ల వంతు రాకముందే అది మెమరీలో విప్పుకుంటుంది, అడిగిన ఫైల్ అక్కడే దొరుకుతుంది. కెర్నల్‌ను ముట్టుకోనక్కర్లేదు. లోపం ఏంటంటే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేయాలి.

ఇంకో దారి, కెర్నల్ మళ్లీ కంపైల్ చేసి ఆ డ్రైవర్‌ను మాడ్యూల్‌గా (విడిగా లోడ్ అయ్యే ముక్కగా) మార్చడం. అప్పుడు అది రూట్ ఫైల్ సిస్టమ్ వచ్చాక లోడ్ అయి, ఫైల్‌ను మామూలుగా అందుకుంటుంది. పద్ధతిగా చేయాలంటే ఇదే. కాకపోతే ఆ సర్వర్ తన రూట్ ఫైల్ సిస్టమ్‌ను నెట్‌వర్క్ ద్వారా ఆ కార్డు మీదుగానే తెచ్చుకుంటుంటే, మాడ్యూల్‌నూ ఫర్మ్‌వేర్‌నూ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో పెడితే తప్ప ఇది కుదరదు. కంపైల్ చేసేటప్పుడు ఫాల్‌బ్యాక్ ఆప్షన్‌ను ఆపేస్తే ఎదురుచూపు పోతుంది గానీ ఫైల్ దొరకదు, కార్డు పనిచేయదు. రోగం పోలేదు, మూలుగు మాత్రం ఆగింది. వాడని కార్డుకైతే అది చాలు.

30 సెకన్ల గ్యాప్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. డిస్క్ మార్చాక మొదలైందన్న మీ ఒక్క మాటే దాన్ని పట్టించింది. హైబర్నేట్ (మెమరీని డిస్క్‌లో దాచి మెషీన్ ఆపేయడం) నుంచి లేవడానికి వాడే పాత స్వాప్ పార్టిషన్ (అలా దాచుకునే డిస్క్ భాగం) యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సెట్టింగ్‌లో మిగిలిపోయి ఉంటుంది. ఆ పార్టిషన్ ఇప్పుడు లేదు, దాని కోసం 30 సెకన్లు వెతికి ఆశ వదులుకుంటోంది. ఆ వెతుకులాటను ఆపే నోరెజ్యూమ్ పారామీటర్ ఒకసారి పెట్టి చూడండి, చాలా వ్యవస్థల్లో దానితోనే తేలిపోతుంది. అదే కారణమైతే కొత్త స్వాప్ యూయూఐడీ రాయడమో, రెజ్యూమ్ విలువను నన్ (none) అని పెట్టడమో చేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేయండి. నన్ పెడితే హైబర్నేట్ పోతుంది. సర్వర్‌కు దానితో పనేముంటుంది?

బూట్ డిలే పారామీటర్ పేరు చూసి మీరు మోసపోయారు, అది సహజం. అది ఆలస్యాన్ని తీసేసేది కాదు, పెట్టేది. మెసేజ్‌లు చదవలేనంత వేగంగా పోతుంటే, ఒక్కోదానికీ ఇన్ని మిల్లీ సెకన్లు ఆగమని చెప్పడానికి ఉంది. కెర్నల్‌ను ఆ సదుపాయంతో కంపైల్ చేస్తేనే పనిచేస్తుంది, 10000 కంటే పెద్ద అంకె ఇస్తే పట్టించుకోదు. మీ కమాండ్ లైన్‌లో అది లేనే లేదు, కాబట్టి ఇప్పటికే సున్నా. ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లున్న మెషీన్‌లో దీన్ని పెడితే మిగతావి లేవకపోయే ప్రమాదం కూడా ఉంది. జోలికి పోవద్దు.

స్నేహితుడి సలహా, అంటే అన్నీ తీసేసిన కొత్త కెర్నల్, నాకు నచ్చలేదు. దానివల్ల తగ్గేది మిగిలిన 8 సెకన్లలో ఏదో కొంత. పోగొట్టుకునేది మాత్రం, రేపు ఎవరైనా కొత్త కార్డు పెడితే డ్రైవర్ లేకపోవడం, ప్రతి సెక్యూరిటీ అప్‌డేట్‌కూ మీరే కూర్చుని కంపైల్ చేయడం. మీరిప్పుడు పడుతున్న అవస్థ ఒకరి సొంత కెర్నల్ వల్లే వచ్చిందని మర్చిపోవద్దు. వీలుంటే డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే మామూలు కెర్నల్‌కు మారే అవకాశం ఉందేమో చూడండి. అందులో ఈ డ్రైవర్లు మాడ్యూళ్లుగానే ఉంటాయి, ఫర్మ్‌వేర్ సమస్య దానంతటదే పోవచ్చు. పాత కెర్నల్‌ను గ్రబ్ మెనూలో ఉంచే ఈ పని చేయండి.

2008లో లైనక్స్ ప్లంబర్స్ కాన్ఫరెన్స్‌లో ఆర్యన్ వాన్ డి వెన్, ఔకె కోక్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక చిన్న ల్యాప్‌టాప్‌ను 5 సెకన్లలో బూట్ చేసి చూపించారు. వాళ్లు ఉన్నదాన్ని ఇంకాస్త వేగం చేద్దామని మొదలుపెట్టలేదు. ముందే పద్దు రాసుకున్నారు: కెర్నల్‌కు ఒక సెకను, తొలి సేవలకు ఒకటి, గ్రాఫిక్స్‌కు ఒకటి, డెస్క్‌టాప్‌కు రెండు. ఎవరి వాటా దాటితే వాళ్లను పట్టుకున్నారు. మీరూ ఒక కాగితం మీద రాయండి. లాగ్‌లో పడనివి 27, సీరియల్ 20, ఫర్మ్‌వేర్ 60, స్వాప్ 30, మిగతాది 8. మొత్తం 145. మొదటి 27లో గ్రబ్ మెనూ ఎంత ఆగుతోందో చూడండి. దాన్ని తగ్గించొచ్చు గానీ ఈ మార్పులన్నీ స్థిరపడేదాకా వద్దు, ఆ మెనూయే మీ అత్యవసర ద్వారం.

ఆ కాగితాన్నే మీ సీనియర్‌కు చూపించండి. సమర్థించుకోవడానికి కాదు. 110 సెకన్లు ఎక్కడ పోతున్నాయో ఇది, దేనికి ఏ దారి ఉందో ఇది, ఏది వదులుకోవాల్సి వస్తుందో ఇది అని చెప్తే, నిర్ణయంలో ఆయనా భాగమవుతారు. ఆయన చెప్పిన క్వయట్ ఎక్కడ పనికొస్తుందో కూడా చెప్పండి, ఎందుకంటే అది నిజం. మీటింగ్‌లో అన్న మాట బాధించిందని ఒంటరిగా ఉన్నప్పుడు ఆయనతో అనాలనిపిస్తే అనండి, కానీ అది వేరే రోజు పెట్టుకోండి. రెండూ ఒకే సంభాషణలో కలిస్తే లెక్కలు వినబడవు.

ఇలాంటి చోట తడబడడం ఒక్క మీకే జరగలేదు. 2019లో లైనక్స్‌లో డిస్క్ మీద ఫైళ్లను అమర్చే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో డిస్క్ పని తగ్గించి వేగం పెంచే మంచి మార్పు ఒకటి చేశారు. డిస్క్ పని తగ్గేసరికి రాండమ్ నంబర్లకు కావలసిన ఎంట్రోపీ (ముందుగా ఊహించలేని గజిబిజి) సరిపడా పోగవలేదు, కొన్ని మెషీన్లు బూట్ మధ్యలోనే ఆగిపోయాయి. 5.3 కెర్నల్ విడుదలకు ముందు లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ మార్పును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాతి 5.4లో కెర్నలే ఎంట్రోపీ పుట్టించుకునే ఏర్పాటు పెట్టారు. ఆగిన చోటు ఒకటి, కారణం ఇంకొకటి. అంత అనుభవం ఉన్నవాళ్లు కూడా విడుదల ముంగిట దాన్ని చూశారు.

చివరిగా ఒక పని. సీరియల్ సెట్టింగులు మార్చే ముందు ఆ పాతాయనకు ఒక ఫోన్ చేయండి. ఇగ్నోర్ లాగ్‌లెవెల్‌ను ఎవరూ ఊరికే పెట్టుకోరు. ఏదో ఒక పానిక్‌ను పట్టుకోవడానికి పెట్టి ఉంటారు, అది దొరికిందో లేదో ఆయనకే తెలుసు. దొరకలేదంటే వేగాన్ని 115200 చేసి, క్వయట్ పెట్టకుండా, ఆ మాటను ఇంకొన్నాళ్లు అలాగే ఉంచండి.